టైప్ వన్ షుగర్ ఉన్నవాళ్లకు పరుగా, సైకిలా, ఈతా?

మా అన్నయ్య కొడుక్కి పందొమ్మిదేళ్లు. పదిహేడో ఏట టైప్ వన్, అంటే షుగర్‌ని దించే ఇన్సులిన్‌ని ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేని జబ్బు, బయటపడింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, అరిసెల పళ్లెం పక్కన నన్ను నిలబెట్టి అడిగాడు: "బాబాయ్, హాఫ్ మారథాన్‌కి పేరు ఇద్దామనుకుంటున్నా. మా ఫ్రెండేమో సైకిల్ కొనమంటున్నాడు. నాకేది బెటర్?" వాడి వెనకే మా వదిన: "ఏదీ వద్దని నువ్వైనా చెప్పవయ్యా."

వదినకి వసీం అక్రమ్ సంగతి చెప్పాను. ఆయనకి టైప్ వన్ అని తెలిసింది 1997లో, పాకిస్తాన్‌కి ఆడింది 2003 దాకా. "ఆయన సంగతి వేరు" అంది వదిన. కొంతవరకు నిజమే. ఆయన వెనక డాక్టరూ ఫిజియో ఉంటారు, మనవాడి వెనక వాళ్లమ్మ ఉంది. అందుకే వాడికి ఆ పూట తొందరపడి జవాబు చెప్పకుండా, ఇంటికొచ్చాక తీరిగ్గా ఇది రాస్తున్నాను. నాకు టైప్ వన్ వచ్చి పదహారేళ్లు. పరుగు, సైకిల్, ఈత మూడూ చేశాను. మూడింట్లోనూ ఏదో ఒకరోజు షుగర్ పడిపోయి తెల్లమొహం వేశాను.

ఏ ఆటలో ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయి, ఏది మోకాళ్లకి మంచిది అనేవి మనకి తర్వాతి సంగతులు. నేను ముందు చూసేది మూడు: షుగర్ పడుతోందని తెలిశాక ఆగడానికి ఎంతసేపు పడుతుంది, ఆగాక తినడానికి చేతిలో ఏముంటుంది, పక్కన ఎవరుంటారు. ఈ లెక్కన కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పరుగు ముందు. దూరాలమీద మోజున్నవాళ్లకి సైకిల్. ఈత అందరికంటే ఆఖరున.

ఇదెందుకో తెలియాలంటే ఒళ్లు ఏం చేస్తుందో కాస్త తెలియాలి. మామూలు మనిషి పరుగు మొదలుపెట్టగానే ప్యాంక్రియాస్ ఇన్సులిన్ విడుదలని తగ్గించేస్తుంది. మనం పొద్దున పొడుచుకున్న ఇన్సులిన్‌ని వెనక్కి లాగలేం. అది చర్మం కింద నుంచి రక్తంలోకి వస్తూనే ఉంటుంది. దానికి తోడు పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజ్ లాక్కుంటుంది. రెండు కొళాయిలు ఒకేసారి తిప్పినట్టు ట్యాంకు ఖాళీ అవుతుంది. ఒకే వేగంతో గంటలకొద్దీ చేసే పనిలో షుగర్ దిగుతుంది. దమ్ము బిగబట్టి చేసే పరుగు పందెంలాంటి వాటిలో అడ్రినలిన్ వల్ల తిరగబడి పెరుగుతుంది కూడా.

పరుగు సంగతి

పరుగుకి ఉన్న పెద్ద సుఖం, ఆగాలంటే ఆగిపోవడమే. బ్రేకు, హ్యాండిల్, వెనకొచ్చే లారీ ఏవీ లేవు. ఫుట్‌పాత్ మీద కూర్చుంటే అయిపోయింది. అందుకే మొదటి ఆరు నెలలూ పార్కులో చుట్లు కొట్టమంటాను. ఒకే గేటు ముందు నుంచి మళ్లీ మళ్లీ వెళ్తారు కాబట్టి, గేటు దగ్గర బెంచీ మీద సంచి పెట్టుకోవచ్చు. వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పి ఉంచొచ్చు. నేను చెప్పింది ఇంతే: "అన్నా, నేను తూలుతుంటే తాగాననుకోవద్దు, ఈ డబ్బాలోది నోట్లో పెట్టు." ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే డబ్బా వైపు వేలు చూపించి నవ్వుతాడు.

కష్టమల్లా మోసుకెళ్లడం, తినడం. పరిగెడుతుంటే కడుపు కుదిలిపోతుంది, తీపి నీళ్లు ఎక్కువ పట్టవు. నడుముకి కట్టే చిన్న పౌచ్‌లో ఫోను, మీటరు, తినేవి సర్దితే ఇక చోటు ఉండదు.

నా తప్పొకటి చెబుతాను. హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, ఆగస్టు నెల. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలు, గచ్చిబౌలి స్టేడియంలో ముగింపు. స్టార్ట్ లైన్ దగ్గర వేలు పొడిచి చూస్తే 243. ఇంట్లో చూసినప్పుడు 150 ఉంది. తిన్నదేం లేదు. టెన్షన్‌కి పెరిగిన షుగర్ అని అప్పుడు తట్టలేదు, రెండు యూనిట్ల ఇన్సులిన్ వేసేసుకున్నాను. ఏడో కిలోమీటరు దాకా హాయిగా ఉంది. ఒక ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కాళ్లు బరువెక్కాయి, ఎత్తు కదా అనుకున్నాను. నంబర్ బిబ్ మీది అంకెలు చదవబోతే కలిసిపోయి కనిపించాయి. షుగర్ చూస్తే 58, బాగా పడిపోయింది. పిట్టగోడకి ఆనుకుని కూర్చుని గ్లూకోజ్ పొడి నోట్లో పోసుకుంటే, అటుగా పోతున్న ఓ పెద్దాయన "చివరిదాకా రండి సార్, ఆగకండి" అని చప్పట్లు కొట్టి వెళ్లాడు.

అప్పటి నుంచి పోటీ రోజు ఉదయం షుగర్ 250 ఉన్నా, రాత్రి వేసిన ఇన్సులిన్ సరిగ్గా పడిందని నమ్మకం ఉంటే, వాంతి భావన లేకపోతే, కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వు కరిగించుకుంటే రక్తంలో చేరేవి) లేకపోతే ఇన్సులిన్ ముట్టుకోను. రెండు మూడు కిలోమీటర్లలో అదే దిగుతుంది.

మొదటి హాఫ్ ఎక్కడ చెయ్యాలని అడిగితే నేను విశాఖ అంటాను. నేవీ మారథాన్ చలికాలానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది, ఆర్కే బీచ్ రోడ్డు మీద. హైదరాబాద్ దారి ఎక్కుళ్లూ దిగుళ్లూ, పైగా ఆగస్టు ఉక్క. ఎక్కుళ్ల దగ్గర ఒంటి కష్టానికీ షుగర్ పడటానికీ తేడా తెలియదు, నాకు జరిగింది అదే.

సైకిల్ సంగతి

దూరం విషయంలో సైకిల్‌కి సాటి లేదు. జెర్సీ వెనక మూడు జేబులు, ఫ్రేమ్ మీద బ్యాగు, రెండు బాటిళ్లు. కడుపు కుదలదు, కూర్చునే తినొచ్చు. చేతికి అతికించుకుంటే షుగర్ అంకెని ఫోన్‌కి పంపే సెన్సర్లున్నాయి, హ్యాండిల్ మీద ఫోన్ బిగిస్తే ఆ అంకె కళ్ల ముందే ఉంటుంది. ప్రపంచంలో రైడర్లందరూ టైప్ వన్ వాళ్లే ఉన్న ప్రొఫెషనల్ జట్టు టీమ్ నోవో నార్డిస్క్. ఇటలీలో 300 కిలోమీటర్లకి దగ్గరగా ఉండే మిలాన్ - సాన్ రెమో రేసు కూడా తొక్కింది. అలాంటి జట్టు సైకిల్‌లోనే పుట్టడం నాకు ఆశ్చర్యం అనిపించదు.

మనకి రేసులు అక్కర్లేదు, బ్రెవెలు చాలు, అంటే గడువులోగా పూర్తిచేసే దూరపు సైకిల్ సవారీలు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 400కి ఇరవై ఏడు, 600కి నలభై గంటలు. గెలుపోటములు ఉండవు. టైమ్ లోపల కంట్రోల్ పాయింట్లలో కార్డు మీద ముద్ర వేయించుకుంటూ వస్తే చాలు. హైదరాబాద్‌లో వీటిని నడిపే క్లబ్ ఉంది. దారిలో దాబా దగ్గర ఆగి పెరుగన్నం తిని, పది నిమిషాలు నడుం వాల్చి, షుగర్ చూసుకుని బయల్దేరినా 200 పూర్తవుతుంది. టైప్ వన్ మనిషికి ఇంతకంటే కుదిరే పద్ధతి నాకు కనిపించలేదు.

కానీ పడిపోతే మటుకు సైకిల్ క్షమించదు. షుగర్ 60లో ఉన్న మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే పడతాడు. అందుకని కొత్తవాళ్లు మెయిన్ రోడ్ల జోలికి పోకుండా, హైదరాబాద్‌లో ఉంటే అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద తొక్కాలి. మొత్తం 23 కిలోమీటర్లు, పైన నీడ, పక్కన బండ్లు రావు. నా నియమం: అంకె 90 కిందికి వస్తే, లేదా 110 దగ్గర సెన్సర్ బాణం కిందికి చూపిస్తే కాలు నేల మీద పెట్టాల్సిందే. తొక్కుతూ తినడం అంకె పైకి వెళ్తున్నప్పుడే.

ఇంకొకటి ఇన్సులిన్ ఎండకి పాడవడం. ఓ మార్చి నెల బ్రెవెలో ఇన్సులిన్ పొడుచుకునే పెన్నుని సీటు కింద నల్ల బ్యాగులో పెట్టాను. మధ్యాహ్నం ఎండలో ఆ బ్యాగు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. రాత్రి ఇంటికొచ్చి అన్నానికి ఎనిమిది యూనిట్లు వేసుకుంటే నీళ్లు ఎక్కించుకున్నట్టే అయింది, మూడు గంటల తర్వాత 340. కొత్త పెన్ను తీసి వేస్తే గానీ దిగలేదు. ఇప్పుడు తడిపిన గుడ్డలో చుట్టి, గాలి ఆడే చోట కట్టుకుంటాను. ఫ్రిజ్ లేనివాళ్లు మట్టి కుండలో ఇన్సులిన్ పెట్టుకుంటారు కదా, అదే కిటుకు.

ఈత గురించి తక్కువే చెబుతాను

షుగర్ పడితే ఆగడానికి నీళ్లలో నేల లేదు. సెన్సర్ చేతికి ఉన్నా నీటి లోపల బ్లూటూత్ పనిచేయదు కాబట్టి అలారం మోగదు. పైగా ఫ్రీస్టైల్ లిబ్రే లాంటి సెన్సర్ మీటరు లోతులో అరగంట దాకానే తట్టుకుంటుందని కంపెనీయే చెబుతుంది. వణుకు, చెమట లాంటి గుర్తులు చల్లటి నీళ్లలో తెలియనే తెలియవు. అమెరికా ఈతగాడు గ్యారీ హాల్ జూనియర్ టైప్ వన్ వచ్చాక 2000, 2004 ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకాలు తెచ్చాడు నిజమే, అయితే అది 50 మీటర్ల పోటీ, అర నిమిషం కూడా పట్టదు. మన గంటసేపు ఈతకీ దానికీ పోలిక లేదు.

పూల్‌లో ఈదండి, చివరి లేన్‌లో, గట్టుని ఆనుకుని. లైఫ్‌గార్డ్‌కి ముందే చెప్పండి. 150 పైన ఉంటేనే దిగండి, ఇరవై నిమిషాలకోసారి గట్టు మీదికొచ్చి వేలు పొడవండి. సముద్రంలో మాత్రం వద్దు. ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ట్రయథ్లాన్ కోరిక ఉన్నవాళ్లు దాన్ని మూడో ఏడాదికి వాయిదా వేసుకోవాలి.

పొద్దునా, సాయంత్రమా?

ఆట ఎంచుకోవడం కంటే ఈ ఎంపికే ఎక్కువ తేడా చేస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది. తెల్లవారుజామున ఐదింటికి, ఏమీ తినక ముందు ఒంట్లో భోజనం ఇన్సులిన్ ఉండదు. రాత్రి వేసిన, రోజంతా నెమ్మదిగా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఒక్కటే ఉంటుంది. కొందరికి ఆ టైములో షుగర్ దిగకపోగా కాస్త పెరుగుతుంది. అదే సాయంత్రం ఆరింటికైతే టిఫిన్‌కి వేసిన రెండు మూడు యూనిట్లు అప్పుడే జోరు మీద ఉంటాయి. ఇప్పుడు భోజనానికి వాడే రాపిడ్ ఇన్సులిన్ గంట, రెండు గంటల దగ్గర శిఖరం ఎక్కుతుంది, మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. అందులోనూ సాయంత్రం కష్టపడితే ఆ బాకీ అర్ధరాత్రి వసూలవుతుంది. కండరాలూ కాలేయమూ ఖాళీ అయిన గ్లూకోజ్‌ని నింపుకుంటూ ఉంటాయి, మనం నిద్రలో ఉంటాం.

కాబట్టి కొత్తవాళ్లకి పొద్దున్నే, పరగడుపున. తిన్నాకే వెళ్లక తప్పకపోతే ఆ భోజనం ఇన్సులిన్ తగ్గించాలి. 2017లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రినాలజీ పత్రికలో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన సూచనల్లో, గంటసేపు మోస్తరు వ్యాయామానికి ముందు భోజనం డోసు 75 శాతం తగ్గించొచ్చని ఉంది. మా డాక్టరు నాకు సగంతో మొదలుపెట్టించి తర్వాత సర్దారు. మీ అంకె మీ డాక్టరు దగ్గర తేల్చుకోండి. ఆ సూచనల్లోనే మొదలుపెట్టేటప్పుడు 126 నుంచి 180 మధ్య ఉండటం మేలని ఉంది. 90 కింద ఉంటే ముందు పది, ఇరవై గ్రాములు తినాలి. 270 దాటి ఎందుకు పెరిగిందో తెలియకపోతే కీటోన్లు చూసుకోవాలి, రక్తంలో కీటోన్ 1.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ రోజు బూట్లు వేసుకోకూడదు. ముందురోజు ఇంకొకరు సాయం పడితే తప్ప కోలుకోలేనంతగా షుగర్ పడిపోయినా అంతే. అలా పడిన మర్నాడు హెచ్చరికలు మందగిస్తాయి.

ఏం తినాలి?

దుకాణంలో రంగురంగుల జెల్ ప్యాకెట్లు చూసి మోసపోవద్దు. పడిన షుగర్‌ని లేపడానికి ఒకటి, పడకుండా నిలబెట్టడానికి ఇంకొకటి కావాలి. రెండింటినీ ఒకే దాంతో కానిచ్చేద్దామంటే కుదరదు.

లేపడానికి మెడికల్ షాపులో దొరికే మామూలు గ్లూకోజ్ పొడిని మించింది లేదు. వంటింటి కాటా మీద 15 గ్రాములు తూచి చిన్న జిప్ కవర్లలో పోసి పెట్టుకుంటాను. మా ఆవిడ వాటిని చూసి ఎవరైనా పోలీసు చూస్తే ఏమనుకుంటాడో అని బెంగపడుతుంది. 15 గ్రాములు తిని, 15 నిమిషాలు ఆగి, మళ్లీ చూడాలి. ఒక్కో గ్రాము పెద్దవాళ్లలో సుమారు మూడు నాలుగు పాయింట్లు పెంచుతుంది. చాక్లెట్, పల్లీ చిక్కీ దీనికి పనికిరావు. కొవ్వు వల్ల ఆలస్యంగా ఎక్కుతాయి, మనం ఈలోగా ఇంకో రెండు తినేస్తాం, గంట తర్వాత 280.

ఓఆర్‌ఎస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పోటీ దారిలో నీళ్లిచ్చే ఎయిడ్ స్టేషన్లలో అదే ఇస్తారు, తాగేశాం కదా అని ధైర్యంగా ఉంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీళ్లలో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. అంటే గ్లాసుడు తాగితే మూడు గ్రాములు కూడా రాదు. ఉప్పుకి అది మంచిది, షుగర్‌కి కాదు. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన తియ్యటి డబ్బా పానీయాల్లో చక్కెర చాలా ఎక్కువ, అవి మళ్లీ వేరే కథ. ప్యాకెట్ వెనక చదవకుండా దేన్నీ నమ్మకండి.

నిలబెట్టుకోవడానికి గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడుతుంది. ఓ మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములు ఉంటాయి. సైకిల్ మీద నాకు అరటిపండే ఇష్టం, తొక్క తీసి సగం జేబులో పెట్టుకోవచ్చు. పరుగులో అది కడుపులో రాయిలా కూర్చుంటుంది, అక్కడ జెల్ నయం, ఖరీదైనా సరే. ఖర్జూరాలు మంచివే గానీ సైజుని బట్టి ఒక్కోదానిలో ఆరు గ్రాముల నుంచి పద్దెనిమిది దాకా తేడా ఉంటుంది. లాంగ్ బ్రెవెలో ఇడ్లీ నాకు బాగా కుదిరింది. మా ఇంటి ఇడ్లీ ఒకటికి పది గ్రాములు లెక్క వేసుకుంటాను, కారప్పొడి రాసి రేకులో చుట్టుకెళ్తే ఆరేడు గంటల తర్వాత నోటికి ఆ ఉప్పూ కారమే అమృతం. అప్పటికి తీపి పేరెత్తితే వాంతి వస్తుంది.

మీటరా, సెన్సరా? పెన్నా, పంపా?

డబ్బుంటే సెన్సర్. పద్నాలుగు రోజులు పనిచేసే సెన్సర్ నాలుగైదు వేల మధ్య పడుతుంది. నెలంతా పెట్టుకునే స్తోమత లేకపోతే, పెద్ద పోటీకి వారం ముందు ఒకటి అతికించండి. లాంగ్ రన్ కూడా, ఆ తర్వాతి రాత్రులు కూడా అందులో కనిపిస్తాయి. ఒకే సెన్సర్‌తో నేను నేర్చుకున్నది ఏడాది వేలు పొడిచినా తెలియలేదు. అయితే అది చర్మం కింది ద్రవంలో చూస్తుంది కాబట్టి రక్తం కంటే వెనక నడుస్తుంది. షుగర్ జోరుగా దిగుతున్నప్పుడు తెర మీద 95 ఉంటే రక్తంలో 70 ఉండొచ్చు. అందుకే మీటరు, స్ట్రిప్పులు ఇంట్లో వదిలి వెళ్లకూడదు. చెమట వేలితో పొడిస్తే ఒక అంకె, అరటిపండు తిన్న వేలితో పొడిస్తే ఇంకో అంకె వస్తుంది, నీళ్లతో కడిగి తుడుచుకోండి.

పంపు, అంటే ఒంటికి తగిలించుకుంటే ఇన్సులిన్‌ని తనే ఎక్కించే యంత్రం, లక్షల్లో వ్యవహారం. దాని ఒక్క గొప్ప సుఖం, పరుగుకి గంటన్నర ముందే బేసల్ (రోజంతా కొద్దికొద్దిగా ఎక్కే ఇన్సులిన్) తగ్గించుకోవచ్చు. పెన్నుతో ఆ పని కుదరదు. గ్లార్జిన్ అనే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడి పెద్ద దూరం రోజుకి డోసులో ఇరవై శాతం దాకా తగ్గించడం ఉంది. డెగ్లుడెక్ అనే ఇంకో లాంగ్ యాక్టింగ్ రకం అయితే ఈరోజు తగ్గిస్తే రెండు మూడు రోజులకి గానీ పూర్తిగా తెలియదు, కాబట్టి తిండితోనే సర్దుకోవాలి. పంపు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు, నా దూరాలన్నీ పెన్నుతో చేసినవే. ఒకటే జాగ్రత్త, పరిగెత్తే ముందు తొడకి పొడుచుకోవద్దు, ఆడే కాలి నుంచి ఇన్సులిన్ తొందరగా ఎక్కుతుంది. పొట్టకే వేసుకోండి.

రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలకి వెళ్లే పిల్లలుంటే ఇంకో సంగతి. ఇన్సులిన్ డోపింగ్ నిషేధిత జాబితాలో ఉంది. వైద్య అవసరానికి వాడుతున్నామని ముందే మినహాయింపు తీసుకోవాలి. కోచ్‌లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

మా వాడికి ఏం చెప్పానంటే, ముందు కళ్లూ పాదాలూ డాక్టరు దగ్గర చూపించుకో, తర్వాత పార్కులో చుట్లు, ఏడాది చివర్లో విశాఖలో పది కిలోమీటర్లు. హాఫ్ వచ్చే ఏడు. సైకిల్ ఆ తర్వాత, నాది తీసుకో. వదినకి మాత్రం ఒక పని అప్పజెప్పాను: వాడు లాంగ్ రన్ చేసిన రాత్రి రెండింటికి లేచి ఒక్కసారి వేలు పొడిచి చూడాలి, 100 కింద ఉంటే గ్లాసుడు పాలు. నిన్న ఫోన్ చేసింది. "రెండింటికి లేచానయ్యా. 92. పాలు తాగమంటే నిద్రలో తిట్టాడు, కానీ తాగాడు."